పాత మినీకి కొత్త చక్రాలు

1959 ఆగస్టు 26న బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) మినీ కారును విడుదల చేసింది. మూడు మీటర్లకు ఒక్క పిసరు ఎక్కువ పొడవున్న ఆ బండిలో నలుగురు మనుషుల్ని, వాళ్ళ సామాన్ని కూర్చోబెట్టాలని దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ పట్టుదల. చక్రం పెద్దదైతే దాని గూడు లోపలి చోటును తినేస్తుంది. అందుకని చక్రాన్ని పది అంగుళాలకు కుదించాడు. అంత చిన్న టైరు ఆనాటి కార్లకు అలవాటు లేదు. డన్‌లప్ కంపెనీ దానికోసం ప్రత్యేకంగా టైరు తయారుచేయాల్సి వచ్చింది. రిమ్ము ప్రెస్ చేసిన ఉక్కు రేకు, వెడల్పు మూడున్నర అంగుళాలు. చూడ్డానికి ఆడపిల్లల తొక్కుడుబిళ్ళంత ఉండేది.

ఆ చిట్టి బండే 1964లో, 1965లో, 1967లో మాంటెకార్లో ర్యాలీ గెలిచింది. 1966లో కూడా ముందే వచ్చింది కానీ, హెడ్‌లైట్ల నిబంధన అడ్డం పెట్టి నిర్వాహకులు దాన్ని పోటీ నుంచి తప్పించారు. ఆ గొడవ గురించి ఇంగ్లండులో ముసలి మెకానిక్కులు ఇప్పటికీ కోపంగానే మాట్లాడతారు. ర్యాలీల్లో ఉక్కు రిమ్ములు వంగిపోతుంటే, టెక్ డెల్ అనే సంస్థ మినీ కోసం మెగ్నీషియం మిశ్రమంతో ఎనిమిది ఆకుల చక్రాన్ని పోత పోసింది. దాని పేరు మినీలైట్. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 7.85 రెట్లు, అల్యూమినియంది 2.7, మెగ్నీషియంది 1.74. ఈ మూడు అంకెలు చూస్తే చాలు, పోటీ బండివాళ్ళు ఆ చక్రం వెంట ఎందుకు పడ్డారో తెలుస్తుంది.

తేలిక చక్రం వల్ల లాభం ఊరికే బరువు తగ్గడం కాదు. చక్రం, టైరు, బ్రేకు, హబ్బు, ఇవన్నీ సస్పెన్షన్‌కు కింద ఉంటాయి. గతుకు తగిలిన ప్రతిసారీ ఈ బరువంతా పైకి లేచి కిందికి దిగాలి. ఆ బరువు ఎంత తగ్గితే టైరు రోడ్డును అంత గట్టిగా అంటిపెట్టుకుంటుంది. తొలి మినీ సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగులు లేవు, అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులున్నాయి. వాటి ప్రయాణం చాలా తక్కువ. కాబట్టి అక్కడ ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

మినీ తయారీ 2000 అక్టోబరులో ఆగిపోయింది. అప్పటికి యాభై మూడు లక్షలకు పైగా బండ్లు తయారయ్యాయి. వాటిలో మిగిలినవాటికి ఆ ఎనిమిది ఆకుల అందం తొడగాలని ఇప్పటికీ యజమానుల ముచ్చట. నేడు దొరికే ఆ రూపం చక్రాల్లో ఎక్కువ భాగం అల్యూమినియంవి. రకరకాల కంపెనీలు, రకరకాల దేశాలు, రకరకాల ధరలు. బొమ్మలో అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా వెనకవైపున, కొలతల్లో ఉంటుంది.

మొదటి కొలత పీసీడీ. చక్రానికి ఉన్న బోల్టు రంధ్రాల కేంద్రాలన్నిటినీ కలుపుతూ ఒక వృత్తం గీస్తే, దాని వ్యాసం. మినీకి నాలుగు రంధ్రాలు, పీసీడీ నాలుగు అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. మార్కెట్లో బోలెడన్ని చిన్న కార్ల చక్రాలు నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. తేడా 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. హబ్బు నుంచి పొడుచుకొచ్చే ఒక్కో స్టడ్డు దగ్గర చూస్తే ముప్పాతిక మిల్లీమీటరు, ఇంకాస్త. రంధ్రానికీ స్టడ్డుకూ మధ్య ఆ మాత్రం సందు ఉండనే ఉంటుంది కాబట్టి చక్రం ఎక్కేస్తుంది. నట్లు బిగుసుకుంటాయి. బండి షెడ్డు దాటి వెళ్తుంది కూడా. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. చొక్కాకు మొదటి గుండీ తప్పు కాజాలో పడ్డట్టు, తరవాత ఎంత సర్దినా కుదరదు. నట్టు శంకువు ఒక పక్కే ఆనుతుంది, స్టడ్డు పక్కకు వంగి నిలబడుతుంది. చక్రం తిరిగిన ప్రతి చుట్టుకూ ఆ వంపు మీద భారం పడుతూ లేస్తూ ఉంటుంది. ఇలా మళ్ళీ మళ్ళీ వంగి లోహం అలసిపోతే పగులు పుడుతుంది. అంతకన్నా ముందే నట్టు వదులైపోవచ్చు కూడా.

ఇటలీ బండ్లదీ ఇదే కథ. ఫియట్ 124 స్పైడర్, ఎక్స్1/9 లాంటి పాత ఫియట్లకు పీసీడీ 98. వాటికి 100 చక్రం ఎక్కించాలని తహతహలాడేవాళ్ళ కోసం శంకువు పక్కకు జరిగే ప్రత్యేక బోల్టులు అమ్ముతారు. నాణ్యమైనవి దొరికితే, లెక్క తెలిసిన చేయి బిగిస్తే అవి పనిచేస్తాయనేవారున్నారు. కానీ 98 పీసీడీ చక్రాలే దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు?

నాలుగు రంధ్రాలకు కొలత సులువు, ఎదురెదురు రంధ్రాల మధ్య స్కేలు పెడితే సరిపోతుంది. అయిదు రంధ్రాలకు ఎదురుగా ఏదీ ఉండదు కనుక పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొనేవాళ్ళకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. తొలినాటి బీటిల్‌కు అయిదు రంధ్రాలు, 205 మిల్లీమీటర్ల పీసీడీ. 1960ల చివర్లో దాన్ని నాలుగు రంధ్రాలు, 130కి మార్చారు. బండి ఏడాది సరిగ్గా తెలియకుండా చక్రం కొంటే గోడకు తగిలించుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

రెండోది నట్టు కూర్చునే చోటు. కొన్ని చక్రాల్లో అది 60 డిగ్రీల శంకువు, కొన్నిట్లో గోళాకారం, కొన్నిట్లో చదునుగా ఉండి కింద వాషర్ పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్, పోర్షే బండ్లు గోళాకారపు పద్ధతికి పెట్టింది పేరు. గోళం కోసం చెక్కిన గుంటలో శంకువు నట్టు వేస్తే అది సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. ఉక్కు నట్టు మెత్తని అల్యూమినియాన్ని అక్కడ నలిపేస్తుంది, నాలుగు రోజుల్లో బిగువు పోతుంది. అందుకే చక్రంతో పాటు ఆ చక్రం తయారుచేసినవాళ్ళు చెప్పిన నట్లే తీసుకోవాలి. ఉక్కు రిమ్ముకున్న పాత నట్లు అల్లాయ్‌కి వాడితే డబ్బు మిగులుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

స్టడ్డు పొడవు మూడోది. ఉక్కు రేకు నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటే, అల్లాయ్ చక్రం ముఖం దానికి ఎన్నో రెట్లు. స్టడ్డు అందులోనే మునిగిపోతే నట్టుకు పట్టు దొరకదు. మెకానిక్కుల లెక్క ఏమిటంటే, నట్టులోకి దిగే మర పొడవు కనీసం స్టడ్డు వ్యాసమంత ఉండాలి. మినీ స్టడ్డు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంగుళానికి 24 మరలు. లెక్కగడితే కనీసం తొమ్మిది పూర్తి చుట్లు. చేత్తో నట్టు తిప్పుతూ చుట్లు లెక్కపెట్టవచ్చు, పరికరం ఏదీ అక్కర్లేదు. తొమ్మిదికి ముందే నట్టు ఆగిపోతే పొడవాటి స్టడ్లు వేయించాలి. అరవై ఏళ్ళ బండిలో ఎలాగూ పాత స్టడ్లు సాగిపోయి ఉంటాయి కనుక మార్చడమే మేలు. ఈ అంగుళాల మర మీద మెట్రిక్ నట్టును బలవంతంగా ఎక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అన్నట్టు, 1960ల నాటి క్రిస్లర్ కంపెనీ అమెరికన్ బండ్లలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మరలుండేవి. సంగతి తెలియని కుర్రాడు విప్పబోయి, ఇంకా బిగించి, చివరికి స్టడ్డు తుంచేసి కూర్చుంటాడు.

స్టడ్డు చాలకపోవడానికి స్పేసర్లు కూడా కారణం. చక్రం లోపల ఏదో తగులుతోందని హబ్బుకూ చక్రానికీ మధ్య వదులు బిళ్ళలు దూర్చుతారు. బిళ్ళ ఎంత మందమో నట్టు పట్టు అంత తగ్గినట్టే. చక్రాలను బయటికి జరపాల్సి వచ్చినప్పుడు మినీ తయారీదారులే ఏంచేశారో చూడండి. మినీలోనే వేగం ఎక్కువున్న రకమైన కూపర్ ఎస్ వెనక డ్రమ్ములో స్పేసర్‌ను కలిపే పోత పోశారు, దానికి తగ్గ పొడవు స్టడ్లు బిగించారు.

బ్రేకుల దగ్గర మినీ చరిత్ర ఒక చిక్కుముడి వేసింది. కూపర్ ఎస్‌కు ముందు డిస్కులు ఏడున్నర అంగుళాలవి, పది అంగుళాల చక్రంలో ఇమిడిపోయాయి. 1984లో మామూలు మినీకి 8.4 అంగుళాల డిస్కులు వచ్చాయి. అవి పది అంగుళాల చక్రంలో పట్టవు. అందుకే ఆ ఏడాది నుంచి మినీకి 12 అంగుళాల చక్రాలొచ్చాయి. 1990ల నాటి మినీ కొని దానికి 1960ల ముఖం తొడగాలని పది అంగుళాల మినీలైట్లు తెప్పించుకున్నవాళ్ళు బ్రేకు కాలిపర్ దగ్గర ఆగిపోతారు. కొందరు చక్రం లోపలి అంచును గ్రైండింగ్ పట్టి చోటు చేయబోతారు. అలా చేస్తే చక్రం పరీక్షల్లో ఎంత నెగ్గిందన్నది ఇక లెక్కలోకి రాదు.

ఇక ఆఫ్‌సెట్. ఈ ఒక్క మాట దగ్గర షాపువాళ్ళు కూడా తడబడతారు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత ఉందనుకుంటే, హబ్బుకు ఆనే తలం ఆ గీతకు ఎంత బయటికి ఉందన్నదే ఆఫ్‌సెట్. చక్రం మీద ఈటీ అని రాసి పక్కన అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బండి బయటికి పొడుచుకు వస్తుంది. ఒక ఉదాహరణ. అయిదు అంగుళాల వెడల్పు, ఈటీ 10 ఉన్న చక్రం తీసి, ఆరు అంగుళాల వెడల్పు, ఈటీ 0 ఉన్నది వేశారనుకుందాం. వెడల్పు పెరిగినందుకు ఒక్కో పక్కకు 12.7 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ తేడా 10. బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపలి అంచు 2.7 మాత్రమే లోపలికి వెళ్తుంది. చదివితే చిన్న అంకెలు. మడ్‌గార్డు అంచుకు టైరు కోసుకోవడానికి అవి ధారాళంగా చాలు.

కోసుకోవడం కంటికి కనిపించే కష్టం. కనిపించనిది బేరింగుది. బండి భారం చక్రం నడుమ నుంచి బేరింగు మీదికి దిగాలని తయారీదారు లెక్క వేసి పెడతాడు. చక్రం బయటికి జరిగితే అదే భారం బేరింగును వంచే ప్రయత్నం చేస్తుంది. ముందు చక్రాల్లో స్టీరింగు కూడా మారుతుంది. గతుకు తగిలినప్పుడు చేతిలో స్టీరింగు కొట్టుకుంటుంది, ఒక పక్క బ్రేకు ఎక్కువ పడితే బండి ఆ పక్కకు గుంజుతుంది. మినీకి ఇంజను లాగేది ముందు చక్రాలనే కాబట్టి ఆ గుంజుడు ఇంకాస్త ఎక్కువ. వెడల్పు చక్రాల మోజులో ఏడాదికోసారి బేరింగులు మార్పించుకునే యజమానులు తయారీదారును తిట్టుకోవడం న్యాయం కాదు.

టైరు ఎత్తు కూడా చూడాలి. మినీ పాత రేడియల్ టైరు 145/80 ఆర్10. రిమ్ము 254 మిల్లీమీటర్లు, రెండు వైపులా టైరు గోడ 116 చొప్పున, మొత్తం వ్యాసం 486. వెడల్పు రిమ్ములకు వాడే 165/70 ఆర్10 అయితే 485, చక్కగా సరిపోతుంది. అదే 12 అంగుళాల రిమ్ము మీద 145/70 వేస్తే వ్యాసం దాదాపు 508. నాలుగున్నర శాతం తేడా. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా పోయేది దాదాపు 63. జరిమానా పడ్డాక ఈ లెక్క గుర్తుచేసుకుని లాభం లేదు.

లోహం మాటకొస్తే, నేటి పోత చక్రాలకు ఎక్కువగా వాడేది సుమారు ఏడు శాతం సిలికాన్, కాస్త మెగ్నీషియం కలిపిన అల్యూమినియం. పోత పోశాక దాన్ని 540 డిగ్రీల దగ్గర వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ 150 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచుతారు. చక్రానికి బలం వచ్చేది ఈ వేడి చికిత్సతోనే. అందువల్ల వంగిన అల్లాయ్‌ని గ్యాస్ మంట మీద కాల్చి సాపు చేయడం, పగిలినచోట వెల్డింగ్ పెట్టడం వల్ల రూపం తిరిగి వస్తుంది కానీ ఆ చోట బలం తిరిగి రాదు. మన ఊళ్ళలో రోడ్డు పక్కన ఈ పని క్షణాల్లో చేసిచ్చే నేర్పరులకు లోటు లేదు. వాళ్ళ పనితనాన్ని మెచ్చుకోవచ్చు, ఆ చక్రాన్ని మాత్రం బండికి వేసుకోకూడదు.

చక్రం నమ్మదగ్గదా అన్నది దాని వెనక ముద్రలు చెబుతాయి. జపాన్‌లో జేడబ్ల్యూఎల్ ముద్ర. ఇది తయారీదారు తానే పరీక్షించి వేసుకునేది. దాని పక్కన వీఐఏ అని ఉంటే బయటి సంస్థ కూడా చూసిందని అర్థం. జర్మనీలో కేబీఏ నంబరు. ఐరోపాలో ఐక్యరాజ్యసమితి 124వ నిబంధన. మన దేశంలో బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 16192. ఈ పరీక్షల్లో చక్రాన్ని లక్షల సార్లు వంచుతూ తిప్పుతారు, డ్రమ్ము మీద భారంతో దొర్లిస్తారు, ఏటవాలుగా నిలబెట్టి బరువు పడేస్తారు. ముద్రతోపాటు ఆ చక్రం మోయగల గరిష్ఠ భారం కిలోల్లో రాసి ఉంటుంది. అది బండి ఇరుసు మీద పడే గరిష్ఠ భారంలో సగానికి తగ్గకూడదు. ముద్ర లేదు, భారం అంకె లేదు, ధర మాత్రం భలే చవక అంటే, ఆ చక్రం గురించి ఇంకేమీ అడగనక్కర్లేదు.

అసలు మినీలైట్లే కావాలనేవాళ్ళు 1960ల నాటి మెగ్నీషియం చక్రాల కోసం వేలాల్లో వెతుకుతారు. మెగ్నీషియం తేమకు త్వరగా తుప్పుపడుతుంది, రంగు కింద లోలోపలే పొడిపొడి అవుతుంది. పోటీ బండి చక్రానికి కొద్ది సీజన్ల ఆయుష్షు చాలు, అరవై ఏళ్ళు నడవాలని ఎవరూ తయారుచేయలేదు. రంగంతా తీసేసి, ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూస్తే పగుళ్ళు ఎర్ర గీతలుగా బయటపడతాయి. ఆ పరీక్ష నెగ్గనివాటిని ఇంట్లో అలంకారంగా పెట్టుకుంటేనే అందరికీ క్షేమం.

బ్రిటన్‌లో 2018 మే నుంచి నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు ఏటేటా జరిగే ఎంవోటీ తనిఖీ తప్పనిసరి కాదు. వెసులుబాటే, కానీ దానితో బాధ్యతంతా యజమాని నెత్తిన పడింది. చక్రం తప్పుగా కూర్చుందని చెప్పే మూడో మనిషి లేడు. కొత్త చక్రాల సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున అదొక తగాదా.

మన దగ్గర మినీలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. కానీ మినీ వంశంవాడే ఒకాయన ఉన్నాడు, అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఒడ్డూ పొడుగూ, బీఎంసీ బీ సిరీస్ ఇంజను. 2014లో ఉత్తరపారలో తయారీ ఆగేదాకా ఆ రూపు పెద్దగా మారలేదు. దాని పాత టైరు 5.90-15 క్రాస్‌ప్లై, లోపల ట్యూబు. అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో అల్లాయ్‌లు తొడగాలనుకునే హైదరాబాద్, విజయవాడ యజమానులు పైన చెప్పిన కొలతలన్నీ తమ బండి హబ్బు మీదే కొలిపించుకోవాలి, ఎవరో చెప్పిన అంకె నమ్మి కొనకూడదు. పెద్ద రిమ్ము, పల్చని టైరు జోడీ మన గుంతలకు, స్పీడ్ బ్రేకర్లకు అస్సలు నిలవదు. ముందు ఇరుసుకు రేడియల్, వెనక క్రాస్‌ప్లై అనే కలగాపులగం ఇంకా చెడ్డది, మలుపులో బండి వెనకభాగం జారిపోతుంది.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అక్షరాల నంబరు తీసుకోవాలంటే అది అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులుండకూడదు. అలాంటి బండికి అల్లాయ్‌లు వేసేవాళ్ళు పాత ఉక్కు రిమ్ముల్ని పాత సామాన్లవాడికి తూచి ఇచ్చేయడం తెలివి తక్కువ పని. నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెడితే రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు ముందు వాటినే అడుగుతాడు.

బిగించే రోజు పని గంటలో అయిపోతుంది, తొందర లేకపోతే. హబ్బు ముఖం మీద తుప్పు, పాత రంగు వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా తీయాలి. మధ్యలో రంగు పొర మిగిలితే అది నలిగి, నట్లు వదులవుతాయి. మరలకు గ్రీజు పూయకూడదు, పూస్తే అదే టార్కుకు స్టడ్డు మరీ ఎక్కువ సాగుతుంది. పాత బ్రిటిష్ బండ్లలో చక్రాన్ని నడిమధ్య నిలిపేవి నట్లే కాబట్టి, బండి జాకీ మీద ఉండగానే ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా చేత్తో బిగించుకుంటూ రావాలి. ఎయిర్ గన్‌తో టకటకా బిగించి పంపే షాపులో ఆ పని ఆపించి, టార్క్ రెంచ్ అడగాలి. మినీ ఉక్కు చక్రానికి సుమారు 45 అడుగు పౌండ్లు, అంటే దాదాపు 61 న్యూటన్ మీటర్లు. అల్లాయ్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే ప్రమాణం. తరవాత చక్రం చేత్తో తిప్పి, స్టీరింగు రెండు చివరలకూ తిప్పి, నలుగురిని కూర్చోబెట్టి కూడా చూసి, ఎక్కడా తగలడంలేదని తేల్చుకోవాలి. కొత్త అల్యూమినియం కాస్త సర్దుకుంటుంది కనుక ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారాక, మళ్ళీ ఒకసారి టార్కు చూడాలి.

చివరగా ఒక చిన్న పని. నాలుగు చక్రాలూ అల్లాయ్‌వి అయినా, డిక్కీలో స్టెప్నీ పాత ఉక్కుదే ఉండిపోతుంది. అల్లాయ్ నట్లు దానికి సరిపోకపోవచ్చు. పాత నట్లు ఒక సెట్టు, వాటికి పట్టే పానా, రెండూ ఒక సంచిలో వేసి స్టెప్నీకి కట్టి ఉంచండి.